ప్రెప్ స్కూలా, ఇంటి దగ్గరి ఎలైట్ క్లబ్బా? ఐస్ హాకీ ఆడే ఎనిమిదో క్లాసు అమ్మాయి సంగతి

మీ ప్రశ్న పెద్దది, కుదించి చెప్తాను. తప్పుంటే దిద్దండి. మీరుండేది మాసచూసెట్స్‌లో, వూస్టర్ దగ్గర. అమ్మాయికి నవంబరులో 14 నిండాయి, ఎనిమిదో క్లాసు, డిఫెన్స్ ఆడుతుంది, ఇప్పుడు 14యూ టియర్ 1 (14 ఏళ్ళ లోపు పిల్లల్లో పై అంచె) టీములో ఉంది. కనెటికట్‌లో ఒక బోర్డింగ్ ప్రెప్ స్కూలు (కాలేజీకి తయారుచేసే ప్రైవేటు హైస్కూలు) మార్చి 10న సీటిచ్చింది, ఫీజులో కొంత ఎయిడ్ కూడా ఇచ్చింది, ఏప్రిల్ 10 లోపు ఏదో ఒకటి చెప్పమంది. ఇక్కడి క్లబ్బు కోచేమో "ప్రెప్‌కి వెళ్తే ఆట తగ్గిపోతుంది, 16యూ ఫుల్ సీజన్‌లో ఉంచండి" అని డిపాజిట్ ఈ వారమే కట్టమంటున్నాడు. కాలేజీ హాకీకి ఏ దారి మంచిదని మీరు అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరున్న చోటు నుంచి హాకీ కోసం పిల్లని ఇల్లు దాటించక్కర్లేదు. అసలు హాకీ టీమే లేకపోయినా ఆ స్కూలుకి పంపేవాళ్ళమే అని మీకు అనిపిస్తే, నాలుగేళ్ళ ఫీజు అప్పు చేయకుండా కట్టగలిగితే, పంపండి. ఆ రెంటిలో ఒకటి కుదరకపోయినా ఇంటి దగ్గరే ఉంచండి. తొమ్మిదిలో కాకపోతే పదిలో మళ్ళీ అప్లై చేసుకోవచ్చు, అప్పుడూ చేర్చుకుంటారు. ఇక ఎందుకలా అంటున్నానో చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది తెనాలి. ఐస్ అంటే నాకు తెలిసింది సోడా కొట్టులో రంపప్పొట్టులో దాచి గోనెపట్టా కప్పిన గడ్డ. ఇక్కడికొచ్చి 22 ఏళ్ళు. ఆడపిల్లలిద్దరూ హాకీ ఆడారు. పెద్దది ప్రెప్‌కి వెళ్ళింది, చిన్నది వెళ్ళలేదు. నేను తొమ్మిదేళ్ళు ఒక అమ్మాయిల క్లబ్బులో టీము మేనేజరుగా చేశాను. రోస్టర్లు పంపడం, హోటళ్ళు బుక్ చేయడం, డబ్బు వసూలు చేయడం, ట్రైఅవుట్ల మర్నాడు తల్లిదండ్రుల ఫోన్లు ఎత్తడం, ఇదీ నా ఉద్యోగం. స్కేటింగ్ మాత్రం ఇప్పటికీ రాదు. మా అత్తగారు చాలాకాలం "భారత జట్టుకి మన చిత్తూరు జిల్లా రజని గోల్‌కీపింగ్ చేస్తుందే, ఆ ఆటేగా" అనుకున్నారు. ఐస్ మీద అని తెలిశాక ఇంకా భయపడ్డారు.

మీ కోచ్ చెప్పని సంగతి ఒకటుంది. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మన మాసచూసెట్స్, కనెటికట్ వైపు, ప్రెప్పూ క్లబ్బూ ఒకదానికొకటి అడ్డం కాదు. ఇక్కడ క్లబ్బుల్లో ఫుల్ సీజన్ టీములు, స్ప్లిట్ సీజన్ టీములు అని రెండు రకాలు. స్ప్లిట్ అంటే లేబర్ డే (సెప్టెంబరు మొదలు) నుంచి థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర) దాకా క్లబ్బుకి ఆడి, అక్కణ్ణుంచి మార్చి మొదటి వారం దాకా స్కూలుకి ఆడటం. కాంకర్డ్‌లో ఉన్న అసాబెట్ వ్యాలీ లాంటి పేరున్న క్లబ్బుల్లో ప్రెప్ పిల్లలు ఆడేది ఇలాగే. కాబట్టి మీ ముందున్న అసలు ప్రశ్న ప్రెప్ ప్లస్ స్ప్లిట్ సీజనా, పబ్లిక్ స్కూలు ప్లస్ ఫుల్ సీజనా అన్నది. మూడో దారీ ఉంది: మీ టౌను హైస్కూలు టీముకి ఆడుతూ స్ప్లిట్ సీజన్. దాన్ని జనం చిన్నచూపు చూస్తారు గానీ, మంచి హైస్కూలు టీమున్న టౌనైతే అదేమీ తీసిపారేసేది కాదు. ఫుల్ సీజన్ క్లబ్బూ, హైస్కూలు టీమూ రెండూ లాగుదామని మాత్రం చూడకండి. స్కూలు ప్రాక్టీసు ఎగ్గొట్టి బయటి టీముకి ఆడితే మన రాష్ట్రపు హైస్కూలు క్రీడల సంఘం ఎంఐఏఏ నియమం ప్రకారం ఆటలకి దూరం పెడతారు.

"ఎలైట్" అన్న మాట చూసి మోసపోకండి. మన ఊళ్ళలో సందుకో స్కూలు "ఒలింపియాడ్", "ఐఐటీ ఫౌండేషన్" అని బోర్డు కట్టుకున్నట్టే ఇక్కడ ప్రతి క్లబ్బూ పేరు చివర ఎలైట్ అని తగిలిస్తుంది. ఆ మాటని ఎవరూ తనిఖీ చేయరు. చూడాల్సింది దేశపు హాకీ సంఘం యూఎస్‌ఏ హాకీ దగ్గర ఆ టీము టియర్ 1గా రిజిస్టరైందా, నేషనల్స్ ప్లేడౌన్స్‌కి (జాతీయ పోటీల అర్హత ఆటలకి) వెళ్తుందా, గత రెండేళ్ళుగా మైహాకీ ర్యాంకింగ్స్ వెబ్‌సైటులో ఎక్కడుంది, పోయినేడు 19యూలో ఆడిన పిల్లలు ఇప్పుడు ఏ కాలేజీల్లో ఆడుతున్నారు అన్నవి. నాలుగోది అడిగితే సగం క్లబ్బులు తమ గోడ మీద ఉన్న జాబితా చూపిస్తాయి. ఆ జాబితాలో వాళ్ళ దగ్గర ఒక్క ఎండాకాలం టోర్నమెంటు ఆడిన పిల్లల పేర్లు కూడా ఉంటాయి. మా క్లబ్బు జాబితా టైపు చేసింది నేనే, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు ఆట ఎంత అన్న లెక్క. ఫుల్ సీజన్ 16యూలో మా చిన్నది ఏడాదికి 60 దాకా ఆటలాడింది. ప్రెప్‌లో పెద్దదానికి చలికాలంలో పాతికకి అటూ ఇటూ, దానికి ముందు క్లబ్బులో ఇంకో ఇరవై. అంటే మీ కోచ్ అన్నమాట నిజమే, ఆటలు తగ్గుతాయి. కానీ ఐస్ తగ్గదు. సొంత రింకు ఉన్న ప్రెప్ స్కూల్లో సీజన్‌లో దాదాపు రోజూ ప్రాక్టీసు ఉంటుంది, క్లాసు గదినుంచి పది నిమిషాల నడక. మా చిన్నదానికి వారానికి మూడు ప్రాక్టీసులు, అందులో ఒకటి రాత్రి 8:50కి. ఇంటికొచ్చి, తడి గేరంతా బేస్‌మెంట్‌లో ఒడియాలు ఆరేసినట్టు ఆరేసి, అన్నం తిని పడుకునేసరికి పదకొండున్నర. పొద్దున 7:20కి స్కూలు. నాలుగేళ్ళు అదే తంతు. డిఫెన్స్ ఆడే పిల్లకి ఆటలకంటే ప్రాక్టీసులే ఎక్కువ నేర్పుతాయని నా అభిప్రాయం. ఒక ఆటలో పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) చేతికొచ్చేది మొత్తం మీద ఒకటి రెండు నిమిషాలే. వెనక్కి స్కేట్ చేస్తూ గ్యాప్ పట్టడం (ఎదుటి పిల్లకి సరైన దూరంలో ఉండటం), గోడవారన పక్ తీసి మొదటి పాస్ ఇవ్వడం వందలసార్లు చేయిస్తేనే వస్తాయి.

అయితే ఇవన్నీ మీ అమ్మాయిని ఐస్ మీదికి దింపితేనే. ఈ మాట కొంచెం విడమరిచి చెప్పాలి, మేం దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి.

పెద్దది ప్రెప్‌లో చేరిన మొదటి జనవరి. బుధవారం ఆట. బోర్డింగ్ స్కూళ్ళలో బుధవారం సగం పూట బడి, మధ్యాహ్నం ఆటలు. శనివారం కూడా చాలాచోట్ల పొద్దున క్లాసులుండి తర్వాత ఆటలుంటాయి. నేను ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, రెండు గంటల పది నిమిషాలు కారు నడుపుకుంటూ వెళ్ళాను. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర, ఒళ్ళో చిన్న నోటుపుస్తకం. పిల్ల బోర్డు (రింకు చుట్టూ గోడ) దాటి ఐస్ మీదికి దిగినప్పుడల్లా ఒక గీత గీశాను. ఆట అయ్యేసరికి ఏడు గీతలు. షిఫ్టుకి నలభై సెకన్లు వేసుకోండి, ఐదు నిమిషాలు కూడా లేదు. మూడో పీరియడ్‌లో ఒక్క గీత కూడా లేదు. జట్టు 2-1తో గెలిచింది, అందరూ అరుస్తున్నారు, మా పిల్ల హెల్మెట్ తీయకుండా అలాగే బెంచి చివర కూర్చుంది. బస్సెక్కే ముందు పులిహోర డబ్బా తీసుకుని "బాగా ఆడారు కదమ్మా" అంది, వాళ్ళేదో వేరే జట్టయినట్టు.

అది స్కూలు తప్పనను. అక్కడ సీనియర్లు, పోస్ట్ గ్రాడ్యుయేట్ ఏడాది (పన్నెండు అయ్యాక స్కూల్లోనే ఇంకో ఏడు) చేస్తున్న 18, 19 ఏళ్ళ పిల్లలు డిఫెన్స్‌లో ఉంటే తొమ్మిదో క్లాసు పిల్లని ఏ కోచ్ మాత్రం దింపుతాడు? తప్పంతా అడగకుండా పంపిన మాది. కాబట్టి ఇది రాసిపెట్టుకోండి: "వచ్చే ఏడాది మీ దగ్గర డిఫెన్స్ ఎందరు, అందులో వెళ్ళిపోతున్నవాళ్ళు ఎందరు, కొత్తగా వస్తున్నవాళ్ళు ఎందరు?" అని కోచ్‌ని మొహమ్మీదే అడగండి. ఆరుగురు ఆడే చోట మీ పిల్ల ఎనిమిదోదైతే రెండేళ్ళు బెంచి మీదే. జేవీలో (స్కూలు రెండో జట్టులో) ఆడిస్తారా అని కూడా అడగండి, అందులో నామర్దా ఏమీ లేదు. ఇదే ప్రశ్న క్లబ్బు కోచ్‌కీ వేయండి. మాకు తెలిసిన ఒక క్లబ్బులో ఒకే వసంతంలో ఐదుగురు డిఫెన్స్ పిల్లల తల్లిదండ్రులకి "మీ అమ్మాయి టాప్ పెయిర్" అని మాటిచ్చారు. టాప్ పెయిర్‌లో ఇద్దరే ఉంటారని అందరికీ సెప్టెంబరులో తెలిసింది. అప్పటికి డిపాజిట్ వెనక్కి రాదు.

ఇంకో దెబ్బ. పెద్దదాన్ని ఏరికోరి పిలిచిన కోచ్ జూన్‌లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు. మాకు తెలిసింది ఆగస్టులో. కొత్తగా వచ్చినావిడకి మా పిల్ల ఎవరో తెలియదు. కోచ్‌ని చూసి స్కూలు ఎంచుకోకూడదన్నది అప్పుడు అర్థమైంది. క్లబ్బులో కూడా కోచ్‌లు మారతారు గానీ అక్కడ నష్టం ఒక్క సీజనే, వచ్చే వసంతంలో ఇంకో క్లబ్బు ట్రైఅవుట్‌కి వెళ్ళొచ్చు. స్కూలు మార్చడం అలా కాదు.

కాలేజీ సంగతికొస్తే, 14 ఏళ్ళకే కొంపలు మునిగిపోతున్నట్టు ఎవరు మాట్లాడినా పట్టించుకోకండి. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమం ప్రకారం డివిజన్ 1 (కాలేజీ ఆటలో పై అంచె) అమ్మాయిల హాకీ కోచ్‌లు పదో క్లాసు అయ్యాక జూన్ 15 దాకా పిల్లతో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు, మెయిల్ పెట్టకూడదు. క్యాంపస్‌కి అధికారికంగా పిలవడం ఆ ఆగస్టు 1 నుంచి. 2019కి ముందు ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలు కూడా నోటిమాట కమిట్‌మెంట్లు ఇచ్చేవాళ్ళు. ఆ కాలపు భయమే ఇంకా రింకుల్లో తిరుగుతోంది. మీ అమ్మాయికి ఇంకా రెండేళ్ళ పైనే ఉంది. ఈ లోపు వాళ్ళు చూస్తారు గానీ పలకరు.

ఎక్కడ చూస్తారు? ఇది లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. కాలేజీ అమ్మాయిల ఆటలు ఎక్కువగా శుక్ర, శనివారాల్లో ఉంటాయి. కాబట్టి సీజన్ మధ్యలో కోచ్‌లకి శనివారం ప్రెప్ ఆట చూడటం కష్టం, బుధవారం ఆట తేలిక. బోస్టన్ నుంచి అరగంట, గంట దూరంలో ఉన్న ప్రెప్ రింకులకి అందుకే బుధవారాల్లో జాకెట్ మీద కాలేజీ గుర్తున్నవాళ్ళు కనిపిస్తారు. సెప్టెంబరులో వాళ్ళ సీజన్ మొదలయ్యే ముందు క్లబ్బు టోర్నమెంట్లకి గుంపులుగా వస్తారు. స్ప్లిట్ సీజన్ ఆడే పిల్ల రెండుచోట్లా కనిపిస్తుంది. యూఎస్‌ఏ హాకీ డెవలప్‌మెంట్ క్యాంపుల సెలక్షన్ అయితే పుట్టిన సంవత్సరాన్ని బట్టి, రాష్ట్రం ట్రైఅవుట్ల ద్వారా జరుగుతుంది. అక్కడ మీ పిల్ల ఏ స్కూలన్నది ఎవరూ అడగరు.

చిన్నదాని జూన్ 15 నాకు బాగా గుర్తు. రాత్రి పన్నెండు కొట్టేదాకా వంటింటి బల్ల దగ్గర ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. నేను గిన్నెలు తోముతున్నట్టు నటిస్తున్నాను. 12:04కి మొదటి మెయిల్ వచ్చింది, "మా సమ్మర్ క్యాంపుకి రండి, ఫీజు ఇంత" అని. తెల్లారేసరికి అలాంటివి ఐదు, అసలైన మెయిల్ ఒకటి, అదీ మేం పేరు కూడా వినని చోటునుంచి. క్యాంపు పిలుపు రిక్రూటింగ్ కాదు, అమ్మకం. ఆ తేడా తెలియక డబ్బు పోసినవాళ్ళని చాలామందిని చూశాను.

డివిజన్ 1 స్థాయిలో అమ్మాయిల హాకీ ఉన్న కాలేజీలు దేశం మొత్తానికి 45 దాకా ఉంటాయి. ఒక్కో చోట ఏడాదికి ఆరేడుగురు కొత్తవాళ్ళు అనుకున్నా మూడొందల సీట్లు. అందులో కెనడా పిల్లలు, యూరప్ పిల్లలు కూడా ఉంటారు. యూఎస్‌ఏ హాకీలో పేరు నమోదైన ఆడవాళ్ళు, ఆడపిల్లలు లక్షకు దగ్గర. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, బ్రౌన్, కార్నెల్, డార్ట్‌మత్‌లకి టీములున్నాయి గానీ ఈ ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు. కింది అంచె డివిజన్ 3లో కూడా ఇవ్వరు. ఐవీలో ఇచ్చేది అవసరాన్ని బట్టి ఎయిడ్ మాత్రమే. ప్రెప్‌కి కట్టిన ఫీజు హాకీ స్కాలర్‌షిప్ రూపంలో తిరిగొస్తుందని మాత్రం లెక్క వేయకండి. ప్రెప్ వాళ్ళు కూడా "హాకీ స్కాలర్‌షిప్" ఇస్తున్నారని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఇండిపెండెంట్ స్కూల్ లీగ్ అనే ప్రెప్ స్కూళ్ళ లీగు లాంటి చోట్ల ఇచ్చేది కుటుంబ ఆదాయం చూసే. అయితే కోచ్‌కి కావలసిన పిల్ల దరఖాస్తు అడ్మిషన్ ఆఫీసులో కాస్త పైన ఉంటుంది, అంతవరకు నిజం.

డబ్బు గురించి ఇంకో మాట. బోర్డింగ్ ఫీజులు ఏడాదికి 70 వేల డాలర్లు దాటాయి. మీకు 30 వేలు ఎయిడ్ వచ్చిందనుకుందాం, మిగిలింది 40 వేలు. నాలుగేళ్ళకి 1,60,000 అని ఆపేయకండి. ఫీజు ఏటా పెరుగుతుంది, ఎయిడ్‌ని ఏటా కాగితాలు తీసుకుని మళ్ళీ లెక్కగడతారు. మీకు జీతం పెరిగినా, పెద్ద బిడ్డ కాలేజీ అయిపోయినా ఎయిడ్ తగ్గొచ్చు. ఆ పైన క్లబ్బు ఫీజు, బట్టలుతికే సర్వీసు, థాంక్స్‌గివింగ్‌కి డార్మ్ మూసేస్తే రాకపోకలు. చిన్నదాని ఫుల్ సీజన్ ఖర్చు ఫీజు, హోటళ్ళు, పెట్రోలు, విరిగిన స్టిక్కులు అన్నీ కలిపి బాగా ఖర్చయిన ఏడాది 14 వేలు అయింది. స్టిక్కు ఒక్కోటి 250, 300 డాలర్లు. పిల్ల విరగ్గొట్టిన ప్రతిసారీ నాకు తెనాలిలో ఎన్ని నెలల ఇంటద్దో గుర్తొచ్చేది.

బోర్డింగ్ అనగానే మనకి విజయవాడ ఇంటర్ హాస్టళ్ళు గుర్తొస్తాయి. పొద్దున ఐదుకి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టే చోటు. అది మనసులో పెట్టుకుని "మేం ఉండలేదా" అని పంపితే పొరపాటు పడతారు. ఇక్కడ పిల్ల పని పిల్లే చూసుకోవాలి. క్లాసులో పన్నెండు మందే ఉంటారు, మాట్లాడకపోతే మార్కులు పోతాయి. టీచరు దగ్గరికి తనే వెళ్ళి "నాకిది అర్థం కాలేదు" అనాలి. మా పెద్దదానికి ఆ గుణం ప్రెప్‌లోనే వచ్చింది, ఇప్పుడు ఉద్యోగంలో అది కనిపిస్తుంది. చదువు పరంగా ఆ స్కూలు మాకిచ్చినదాన్ని తక్కువ చేయను. తిండి మాత్రం ఇబ్బంది పెట్టింది. మొదటి నెలల్లో డైనింగ్ హాల్లో సీరియల్ తిని ప్రాక్టీసుకి వెళ్ళేది, బరువు తగ్గింది. తర్వాత గదిలో కందిపొడి సీసా, నెయ్యి, చిన్న రైస్ కుక్కర్ (కుక్కర్ నిషేధమని తర్వాత తెలిసింది). టీములో మన రంగు పిల్ల తనొక్కతే. మైకులో పేరు ఎప్పుడూ సరిగా పలకలేదు, మూడో ఏడు తనే వెళ్ళి కాగితం మీద రాసిచ్చింది.

ఒంటరితనం అందరికీ ఒకలా ఉండదు. నేను మేనేజరుగా ఉన్నప్పుడు మా టీము గోల్‌కీపర్ ఒకమ్మాయి ఇల్లు వదలడానికి ఎగిరి గంతేసింది, నాలుగేళ్ళూ హాయిగా ఉంది. ఇంకో పిల్ల, ఐస్ మీద పులి, అక్టోబరులో ఇంటికొచ్చేసింది. తల్లిదండ్రులు ఫీజు ఇన్సూరెన్సు తీసుకోలేదు. మీ అమ్మాయి వేసవి క్యాంపులో రెండు వారాలు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. అంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

దెబ్బల సంగతి ఎవరూ అడగరు, మీరడగండి. అమ్మాయిల ఆటలో బాడీ చెకింగ్ లేదు గానీ తల దెబ్బలు లేవనుకోవద్దు. చిన్నదానికి 15 ఏళ్ళప్పుడు ఒక టోర్నమెంటులో తల బోర్డుకి తగిలింది. రింకులో దెబ్బలు చూసే ట్రైనర్ లేరు. అక్కడున్న ఇంకో పిల్ల తల్లి నర్సు కాబట్టి బతికిపోయాం. ప్రెప్ స్కూల్లో ఆటకి అథ్లెటిక్ ట్రైనర్ ఉండటం మామూలు. నేను ప్రెప్ వైపు వేసే మొదటి మార్కు ఇదే, కోచింగ్ రెండోది.

మీరు రీక్లాస్ గురించి కూడా అడిగారు. అంటే ప్రెప్‌లో చేరేటప్పుడు అదే క్లాసు మళ్ళీ చదివించడం. ఇది ఇక్కడ మామూలే, ఒక ఏడు పెరిగి బలం వస్తుందని చేస్తారు. మేం పెద్దదాన్ని తొమ్మిది మళ్ళీ చదివిస్తున్నామని చెప్తే మా అమ్మ ఫోనులో గొంతు తగ్గించి "పిల్ల తప్పిందా?" అంది. ఆవిడకి నచ్చజెప్పడానికి ఏడాది పట్టింది. అసలు మెలిక వేరే ఉంది. డివిజన్ 1 అర్హతకి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు లాంటివి) కావాలి, ఆ గడియారం మొదటిసారి తొమ్మిదిలో అడుగుపెట్టిన రోజే మొదలవుతుంది. నాలుగేళ్ళ తర్వాత చేసిన కోర్సులు మామూలుగా లెక్కలోకి రావు. ఎనిమిది మళ్ళీ చదివించి పంపితే ఈ గొడవ లేదు, తొమ్మిది మొదలెట్టాక వెనక్కి వేస్తే కౌన్సెలర్‌తో కూర్చుని కోర్సులు ఒక్కోటీ లెక్క చూసుకోవాలి. మాది డివిజన్ 3కి వెళ్ళింది, అక్కడ ఈ లెక్క లేదు కాబట్టి గట్టెక్కాం.

గొప్పవాళ్ళ జాబితాలు చూసి తీర్మానం చేయకండి. అమెరికా జట్టుకి ఆడినవాళ్ళలో హిలరీ నైట్ చోట్ రోజ్‌మేరీ హాల్ అనే ప్రెప్‌లో చదివింది, మేగన్ డగ్గన్ కుషింగ్ అకాడమీ అనే ప్రెప్‌లో. అవి చూసి "ప్రెప్పే దారి" అంటారు. కెండల్ కోయిన్ షికాగో శివార్లలో ఇంటి దగ్గర పబ్లిక్ హైస్కూల్లో చదువుతూ క్లబ్బుకి ఆడింది, బర్క్‌షైర్ స్కూలుకి వెళ్ళింది చివర్లో ఒక్క పోస్ట్ గ్రాడ్యుయేట్ ఏడాదికే. టేలర్ హైస్ మినెసోటాలో రెడ్ వింగ్ అనే చిన్న ఊరి హైస్కూలు టీముకి ఆడి, 2023లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగు పీడబ్ల్యూహెచ్ఎల్ మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్ళని ఎంచుకునే వరసలో) మొదటి పేరైంది. ఒహాయో పిల్ల లైలా ఎడ్వర్డ్స్ న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ దాకా వెళ్ళి బిషప్ కెర్నీ స్కూల్లో ఆడింది. ఎవరి ఊరు వాళ్ళ దారిని తేల్చింది.

మినెసోటాలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీ లెక్క పూర్తిగా వేరు. 1990ల మధ్యలోనే అమ్మాయిల హాకీని హైస్కూలు ఆటగా గుర్తించిన రాష్ట్రం మీది. ఊరి హైస్కూలు టీమే గౌరవం, దానికి ముందు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎలైట్ లీగ్ ఉంటుంది, రెండూ కలిపి ఇల్లు కదలకుండా సరిపోతాయి. అక్కడి బోర్డింగ్ స్కూలు షాటక్ సెయింట్ మేరీస్ మాత్రం హాకీయే ప్రాణంగా ఉండే పిల్లలకి. టెక్సస్‌లోనో కరోలినాల్లోనో ఉండి, అమ్మాయిల టియర్ 1 టీము కోసం విమానం ఎక్కాల్సినవాళ్ళకి బోర్డింగ్ గట్టి ఆలోచనే. మీకు మాత్రం ముప్పావుగంట దూరంలో మంచి క్లబ్బులు ఒకటికి మూడున్నాయి.

నా ఇద్దరి సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. ప్రెప్‌కి వెళ్ళిన పెద్దది డివిజన్ 3 కాలేజీలో నాలుగేళ్ళు ఆడింది. ఆటలో దానికంటే చిన్నదే మెరుగని ఇంట్లో అందరికీ తెలుసు, పెద్దదే ఒప్పుకుంటుంది. ఆ చిన్నది ఇంజనీరింగ్ కోసం పెద్ద స్టేట్ యూనివర్సిటీ ఎంచుకుని అక్కడ క్లబ్బు హాకీ ఆడుతోంది, బస్సులో పెరుగన్నం తింటూ. ప్రెప్‌కి పంపుంటే డివిజన్ 1కి వెళ్ళేదేమో అని మా ఆయన అప్పుడప్పుడు అంటారు. నాకలా అనిపించదు. దానికి ఐస్ మీద ఉండటం ఇష్టం, చూసేవాళ్ళ ముందు ఆడటం ఇష్టం లేదు.

ఈ మూడు వారాల్లో చేయాల్సింది చెప్తాను. క్లబ్బుకి ఫోన్ చేసి డిపాజిట్‌కి ఏప్రిల్ 10 దాకా గడువు అడగండి. మీ పిల్ల కావాలనుకుంటే ఇస్తారు. ఇవ్వకపోతే అదీ ఒక జవాబే. స్కూలు రివిజిట్ డేకి (సీటొచ్చిన పిల్లలు మళ్ళీ వచ్చి చూసే రోజుకి) పిల్లని పంపి మీరు వెనకుండండి, టీములో ఒకరిద్దరు తొమ్మిదో క్లాసు పిల్లలతో పెద్దవాళ్ళెవరూ లేకుండా మాట్లాడనివ్వండి. కోచ్‌ని పైన చెప్పిన డిఫెన్స్ లెక్క అడగండి, శరత్కాలంలో ఆదివారాలు బయటి క్లబ్బుకి వదులుతారా, ఎవరు తీసుకెళ్తారు అన్నది కూడా. మా ఆయన మూడేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున్నే లేచి డార్మ్ దగ్గరికి, అక్కణ్ణుంచి రింకుకి, మళ్ళీ డార్మ్‌కి తిరిగారు. రివిజిట్ డే నుంచి తిరిగొచ్చే దారిలో పిల్లని "ఎలా ఉంది?" అని అడక్కండి, కారులో సరైన జవాబు రాదు. మర్నాడు అన్నం తినేటప్పుడు అదే చెప్తుంది.

ఎయిడ్ ఉత్తరంలో గ్రాంటు ఎంత, లోను ఎంత అని విడివిడిగా ఉంటుంది. స్కూలు పేరు అక్కర్లేదు, ఆ రెండు అంకెలూ, ఇంకా చదువుతున్న పిల్లలు ఎందరో ఇక్కడ రాయండి. నాలుగేళ్ళ లెక్క వేసి శనివారం లోపు చెప్తాను, ఆదివారం నేను టోర్నమెంటులో గేటు దగ్గర ఉంటాను.